ఎనిమిదింటికి అవతలి ఛానెల్

పోయిన వారం నన్ను భోజనాల బల్ల దగ్గర, నోరు తెరిచిన పాపానికి అందరూ గుడ్లప్పగించి చూస్తుండగా వదిలేసి వెళ్లారు. గుర్తులేని వాళ్లకు రెండు ముక్కల్లో చెప్పేస్తాను. రోచ్‌డేల్‌లో హాలిన్ వీధి, మా అత్తగారిల్లు, క్రిస్మస్ మధ్యాహ్నం. బల్ల మీద టర్కీ, చుట్టూ కాగితం కిరీటాలు పెట్టుకున్న అయిదుగురం. అత్తగారి కంచం పక్కనే పండగ రెండు వారాల టీవీ పత్రిక ఉంది. అందులో ఆవిడ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టిన కార్యక్రమమే ఈ ఇంట్లో చూస్తాం, మామగారు బతికున్నప్పటి నుంచీ ఇదే చట్టం. సాయంత్రం ఎనిమిదింటికి సిడ్ మార్‌స్టన్ హాస్యం చుట్టూ సున్నా ఉంది. కాపురానికి వచ్చిన పదకొండేళ్లలో గ్రేవీ గిన్నె ఇటు జరపండని తప్ప ఇంకేదీ అడగని నేను, ఆ సున్నా మీద వేలు పెట్టి, "ఎనిమిదింటికి అవతలి ఛానెల్ పెడదాం అత్తయ్యా" అన్నాను.

నాకెందుకంత పట్టుదలో ఆ బల్ల దగ్గర ఎవరికీ తెలీదు, మీకే తెలుసు. అవతలి ఛానెల్లో 'ముందు గది' అనే కొత్త హాస్య కార్యక్రమం పండగ ప్రత్యేకంగా వస్తోంది. అందులో ఒక నాటిక నేను బిస్కెట్ ఫ్యాక్టరీ క్యాంటీన్లో, టీ విరామాల్లో రాసింది. చివర్లో నా పేరు పడుతుందని లండన్ వాళ్లు ఖాయంగా చెప్పారు. మొగుడికి కూడా ఈ మాట చెప్పలేదు. ముందే చెబితే జరగదేమోనన్న భయం ఒకటి. దాన్ని మించిన భయం ఇంకొకటి ఉంది, అది కాసేపట్లో దానంతటదే బయటపడుతుంది.

మా అత్తగారు వినిఫ్రెడ్ ఆష్‌వర్త్ నన్ను కసరలేదు. కసిరితే బాగుండేది. చిట్టి క్యాబేజీల గిన్నె నా వైపు తోసి, "తిను. ఆకలికి ఏదో మాట్లాడుతున్నావు" అంది.

ఆడపడుచు మార్జరీ ముసిముసిగా నవ్వింది. ఆవిడ మొగుడు డెరెక్ ఇళ్ల అప్పులిచ్చే ఒక సంస్థలో అసిస్టెంట్ మేనేజరు, ఆయనకు తెలియని విషయం ఇంతవరకూ పుట్టలేదు. 'ముందు గది' రాసేదంతా కేంబ్రిడ్జిలో చదివిన కుర్రాళ్లనీ, ఆ హాస్యం మనలాంటి వాళ్లకు ఎక్కదనీ, తనకైతే ఎక్కుతుంది గానీ అత్తగారి మాట ఆలోచించాలనీ వివరించాడు. నేను కంచంలోకి చూస్తూ విన్నాను. ఆ కేంబ్రిడ్జి కుర్రాళ్లలో ఒకడు నా నాటిక చదివి నవ్వు ఆపుకోలేక కుర్చీలోంచి పడ్డానని ఫ్యాక్టరీకి ఫోన్ చేసి చెప్పాడు. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది, బంగాళాదుంపతో పాటు మింగేశాను.

అత్తగారు కత్తీ ఫోర్కూ కింద పెట్టింది. "నవ్వు సంగతి నువ్వు నాకు చెప్పకు బెరిల్. మీ పెళ్లి విందులో నువ్వో జోకు చెప్పావు. మా ఆడబిడ్డ ఈడీ ఇప్పటికీ అడుగుతుంది, అది అయిపోయిందా, ఇంకా ఉందా అని."

బల్లంతా నవ్వింది. నేనూ నవ్వాను, బాగున్న మాటకు నవ్వకుండా ఉండటం నాకు చేతకాదు. కానీ పట్టుదల ఇంకా పెరిగింది. నా పేరు ఈ ఇంట్లో, ఈ గదిలో, ఈ మనుషుల కళ్ల ముందు పడకపోతే దేశమంతా చూసినా నాకు చూసినట్టు కాదు. ఫ్యాక్టరీ వాళ్లకు చెప్పుకోవచ్చు, వీధిలో చెప్పుకోవచ్చు, అదంతా చెప్పుకోవడమే. నేను పదకొండేళ్లుగా గ్రేవీ తిప్పింది ఈ గదిలో.

పుడ్డింగు వచ్చింది. క్లిఫ్, అంటే మా ఆయన, దాని మీద బ్రాందీ పోసి వెలిగించాడు. నీలి మంట ఆరాక ముక్కలు కోసి పంచింది మాత్రం అత్తగారే. లోపల ఎక్కడో మామగారి తల్లి నాటి వెండి ఆరు పెన్నీల బిళ్ల ఉంటుంది. అది ఎవరి పంటికి తగిలితే వాళ్ల కోరిక ఆ రోజు తీరి తీరాలి. అత్తగారైనా కాదనకూడదు. ఆవిడ కాదంటే ఏడాదంతా ఇంటికి అరిష్టమని ఆవిడే చెప్పింది.

టక్కుమన్న చప్పుడు క్లిఫ్ నోట్లోంచి వచ్చింది. అందరూ హమ్మయ్య అనుకున్నారు. క్లిఫ్‌కి బిళ్ల దొరికితే వాళ్లమ్మకు దొరికినట్టే. నిరుడు అతని కోరిక అమ్మకి ఇంకో గ్లాసు షెర్రీ. అంతకు ముందోసారి అమ్మ కాళ్ల కిందకు మంచి పీట. బస్సు డిపోలో ఎంతటి మొండి ఇంజనునైనా లొంగదీసే మనిషి, తల్లి ముందు మాత్రం నోట్లో నాలుక లేనట్టు ఉంటాడు.

అతను బిళ్లను రుమాలుతో తుడిచాడు. తాపీగా చెయ్యి చాపి, టీవీ పత్రికలో ఎర్ర సున్నా మీద పెట్టాడు.

"ఎనిమిదింటికి బెరిల్ అడిగిన ఛానెలమ్మా" అన్నాడు.

"ఎందుకట?"

"ఎందుకో నాకూ తెలీదు. ఇన్నేళ్లలో తను అడిగింది ఇదొక్కటే."

నేను లేచి వంటింట్లోకి వెళ్లి, కుళాయి తిప్పి, ఆ నీళ్ల చప్పుడులో కాసేపు ఏడ్చాను. సంతోషానికే ఏడ్చాను. తిరిగి వచ్చేసరికి అత్తగారు తీర్పు చెప్పేసింది. మాట మాటే గనక ఛానెల్ పెట్టుకోవచ్చు, తను మాత్రం ఆ అరగంటా కళ్లు మూసుకుని కూర్చుంటుంది.

తర్వాత టీవీలో రాణిగారి ప్రసంగం అయింది. బహుమతులు విప్పడం అయింది. మెరుగు కాగితం ఎవరూ చించకుండా అత్తగారు కాపలా కాసి, ఒక్కొక్కటీ తీసుకుని, వచ్చే ఏటికి పనికొస్తుందని ఇస్త్రీ పెట్టె కింద సాపు చేసింది. డెరెక్ ఆవిడకు వంటకాలు వేడిగా ఉంచే కరెంటు బండి తెచ్చాడు. వద్దన్నా వినకుండా అప్పుడే ప్లగ్గు పెట్టి మిన్స్ పైలు, అంటే ఎండుపళ్లు కూరిన కజ్జికాయల్లాంటివి, అందులో సర్దాడు. షెర్రీ తాగి అత్తగారు కుర్చీలో కునుకు తీసింది. ప్రతి క్రిస్మస్‌కీ లాగే నిద్రలో ఏదో గొణిగింది. మిగతా వాళ్లు పట్టించుకోలేదు. నేను పక్కనే గిన్నెలు తుడుస్తూ, ప్రతి క్రిస్మస్‌కీ లాగే విన్నాను.

ఎనిమిది కొట్టింది. క్లిఫ్ మీట నొక్కాడు. అత్తగారు చెప్పినట్టే కళ్లు మూసుకుంది.

మొదటి రెండు నాటికలూ ఒక మాదిరిగా పోయాయి. డెరెక్ అందరికంటే ముందే నవ్వి, ఎందుకు నవ్వాలో మాకు చెబుతూ వచ్చాడు. మూడోది మొదలైంది. తెర మీద ముందు గది, బల్ల, టర్కీ. పూల ఏప్రన్ కట్టుకుని, నెత్తిన కాగితం కిరీటం పెట్టుకున్న లావుపాటి ఆవిడ కొడుకు చేతిలోంచి బహుమతి లాక్కుంటోంది. "చించకురా. అది మీ నాన్న పెళ్లికి మా అక్క ఇచ్చిన కాగితం. గోర్లు కత్తిరించుకుని రా, అప్పుడు విప్పుదువు గాని."

మార్జరీ నోటికి రుమాలు అడ్డం పెట్టుకుంది.

తెర మీద ఆవిడకు చుట్టాలొచ్చారు. వాళ్లు కూర్చోగానే ఆవిడ కోట్లు తెచ్చి వాళ్ల ఒళ్లో పెట్టింది. "తొందరేం లేదు, ఉండండి. ఊరికే చేతిలో ఉంటుందని తెచ్చా." కోడలు టర్కీ వడ్డించబోతే, "నాకేం వద్దమ్మా. మీరంతా కడుపునిండా తినండి. నేను ఆ ఎముకొకటి చీకుతూ, మీరు తింటుంటే చూస్తా" అంది.

నా పెద్ద భయం ఏమిటో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. నేను కల్పించిన మాట ఆ నాటికలో పట్టుమని పది లేవు. మిగతాదంతా మా అత్తగారు ఈ గదిలో, ఈ కుర్చీలో కూర్చుని అన్నదే. మార్జరీ నన్ను చూడలేదు, తల్లిని చూసింది. డెరెక్ తన ఒళ్లో ఉన్న కోటును చూసుకున్నాడు, ఆరింటికే అత్తగారు తెచ్చి పెట్టింది. క్లిఫ్ ఒక్కడే మెల్లగా తల తిప్పి నా వైపు చూశాడు. అతని పెదవి కొస వణుకుతోంది. నవ్వో, భయమో నాకు తెలియలేదు.

అప్పుడు అత్తగారి కుర్చీలోంచి ఒక చప్పుడొచ్చింది. మొదట దగ్గనుకున్నాను. చూస్తే ఆవిడ కళ్లు బార్లా తెరిచి, పొట్ట పట్టుకుని నవ్వుతోంది. కిరీటం ఒక చెవి మీదకు జారింది.

"అచ్చం మా ఈడీయే. ఆ కోట్లు చూడండి. ఓల్డమ్‌లో వాళ్లింటికి వెళ్లినప్పుడల్లా నాకు అదే మర్యాద. ఈ రాసినవాడెవడో ఈడీ ఇంటికి వెళ్లొచ్చాడు, ఒట్టు" అంది.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం లోకం తీరు. మా అత్తగారు భుజం తడుముకోకపోగా గుమ్మడికాయ ఈడీ నెత్తిన పెట్టింది. ఇక మా వల్ల కాలేదు. మార్జరీ సోఫాలో దొర్లింది, క్లిఫ్ కళ్ల నీళ్లు తుడుచుకున్నాడు, డెరెక్ ఎందుకు నవ్వాలో చెప్పడం మరిచిపోయి నవ్వాడు. సిడ్ మార్‌స్టన్ తన జీవితంలో ఈ గదిని ఇంతగా నవ్వించలేదు. నేను తలుపు పక్క పీట మీద కూర్చుని, ఒక్కో నవ్వూ మిఠాయి బిళ్లలా చప్పరించాను.

నాటిక చివరికొచ్చింది. తెర మీద ఆవిడ బల్ల మీద ఒక కంచం ఎక్కువ పెట్టింది. ఎవరికని కోడలు అడిగింది. "ఆల్బీకి. రావచ్చు" అంది ఆవిడ. ఆల్బీ ఎవరని బల్లంతా ఒకరినొకరు అడుక్కుంటుంటే, ఆవిడ ఆ ఖాళీ కంచంలో అన్నిటికంటే పెద్ద ముక్క వడ్డించి, దాని మీద మూత పెట్టింది. అప్పుడు నవ్వినవాడికి నవ్వు, గుచ్చుకున్నవాడికి ముల్లు. అలాగే రాశాను.

అత్తగారి నవ్వు దీపం ఆర్పినట్టు ఆగిపోయింది. ఆవిడ తెర వైపు చూడటం లేదు. వెతుకుతున్నట్టు గదంతా చూసి, ఆ చూపు నా మీద ఆపింది.

సరిగ్గా అప్పుడే కార్యక్రమం ముగిసి పేర్లు పడటం మొదలైంది. పేర్లు పడితే టీ పెట్టాలి. ఈ ఇంట్లోనే కాదు, ఈ దేశంలో ఏ ఇంట్లోనూ పేర్లు చదివిన వాళ్లు లేరు. మార్జరీ అలవాటుగా లేచింది. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "కూర్చో వదినా. ఇవాళ ఎవరూ లేవొద్దు. పేర్లు చూడండి."

అప్పటికే మార్జరీ వంటింట్లో ఉంది. కెటిల్ మీట నొక్కిన చప్పుడు విన్నాను. హీటరు, ఓవెన్, క్రిస్మస్ చెట్టు మీది దీపాలు, టీవీ, డెరెక్ బండి, వాటి మీద కెటిల్. ఇంట్లో ఎక్కడో ఠప్పుమంది. తెర మధ్యలో చిన్న తెల్ల చుక్క మిగిలి, అదీ ఆరిపోయింది.

చీకట్లో అందరూ ఒకేసారి డెరెక్ బండిని తిట్టారు. క్లిఫ్ ఫ్యూజ్ తీగ ఏ సొరుగులో ఉందో వెతుక్కుంటూ బల్లకు మోకాలు కొట్టుకున్నాడు. నేను కదల్లేదు. దేశంలో ప్రతి ఇంట్లో నా పేరు పైకి జరుగుతోంది, ఈ ఇంట్లో తప్ప. నాకు ఏడుపు కూడా రాలేదు. చీకట్లో ఎవరి మొహమూ కనబడదన్న ధైర్యంతో చెప్పేశాను.

"ఆ నాటిక రాసింది నేను."

డెరెక్ నవ్వాడు. పండగ పూట అందరం రెండు గుక్కలు ఎక్కువే తాగామన్నాడు. కేంబ్రిడ్జి కుర్రాళ్ల సంగతి మళ్లీ ఎత్తబోతుంటే వీధి తలుపు మీద దబదబా దెబ్బలు పడ్డాయి.

పక్కింటి మిసెస్ గ్రిమ్‌షా తలుపు తట్టదు, బాదుతుంది. టార్చి లైటు నేరుగా నా మొహం మీద వేసింది. వెనక ఎదురింటి వాళ్లు, చివరింటి ముసలి దంపతులు, ఇంట్లో చెప్పులతో, నెత్తిన కిరీటాలతో సగం వీధి ఉంది. మంచు సన్నగా పడుతోంది.

"బెరిల్ ఆష్‌వర్త్ అని పడింది. ఇంతింత అక్షరాలు. మా ఆయన టీ కోసం లేవబోతే కాలర్ పట్టుకుని కూర్చోబెట్టి చదివించా. నువ్వేనా?"

"నేనే" అన్నాను.

ఆ తర్వాత జరిగిందంతా వరసగా చెప్పలేను. ఎవరో నన్ను కావలించుకున్నారు. ఎవరో చప్పట్లు కొడితే వీధి అవతలి నుంచి ఇంకెవరో అందుకున్నారు. చివరింటి ముసలాయన, ఎప్పుడూ గుడ్ మార్నింగ్ కూడా చెప్పని మనిషి, టోపీ అనుకుని కిరీటం తీసి వంగాడు. క్లిఫ్ చేతిలో ఫ్యూజ్ తీగతోనే వచ్చి నా భుజం చుట్టూ చెయ్యి వేశాడు. "మా ఆవిడే" అని ఒకటికి మూడుసార్లు అన్నాడు, అక్కడెవరో కాదన్నట్టు. డెరెక్ ఎక్కడున్నాడో నేను చూడలేదు, చూడాలనిపించలేదు కూడా.

మిసెస్ గ్రిమ్‌షా టార్చిని నా మీద నుంచి తీసి, నా వెనక గుమ్మంలోకి తిప్పింది. అక్కడ అత్తగారు నిలబడి ఉంది. "అయితే వినీ, ఆ కోట్ల ముసలమ్మ ఎవరు? మాకు ఎవరో గుర్తొస్తోందే" అంది. నలభై ఏళ్లుగా ఈ గోడకి అటూ ఇటూ సాగుతున్న యుద్ధంలో ఆవిడకు ఇలాంటి అవకాశం ఎప్పుడూ దొరకలేదు.

టార్చి వెలుగులో ఒక్కొక్కటీ అత్తగారికి తట్టడం చూశాను. మెరుగు కాగితం, కోట్లు, ఎముక. ఈడీ కాదు. ఆవిడ తెలివితక్కువది కాదు, ఎప్పుడూ కాదు. ఆవిడ ఇప్పుడు తలుపు మూసేస్తే నా పేరు, ఈ చప్పట్లు అన్నీ బయటే ఉండిపోతాయి.

ఆవిడ జారిన కిరీటం నిదానంగా నెత్తిన సరిచేసుకుంది.

"కళ్లు కనబడటం లేదా నీకు? నేనే" అంది. "దేశమంతా ఇవాళ నవ్వింది నన్ను చూసే. నీ మీద ఎవరైనా రాశారా, ఒక్క ముక్క? రాయాలంటే మనిషిలో సరుకుండాలి. మా కోడలికి ఆ సరుకు కనబడింది."

మా కోడలు అంది. పదకొండేళ్లలో నన్ను అందరితోనూ క్లిఫ్ పెళ్లాం అనే చెప్పింది.

వీధి ఘొల్లుమంది. మిసెస్ గ్రిమ్‌షా తన ఇంట్లో కెటిల్ మరుగుతోందనీ, అందరికీ టీ పంపుతాననీ అంది. అత్తగారు నన్ను చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లి, ఎవరూ కూర్చోని తన కుర్చీలో కూర్చోబెట్టింది. మిన్స్ పైలు వడ్డించమని డెరెక్‌ని ఆజ్ఞాపించింది. అతను చీకట్లో తడుముకుంటూ నా కంచంలో రెండు పెట్టాడు. అంత రుచైన పై నేను మళ్లీ తినలేదు.

క్లిఫ్, మార్జరీ ఫ్యూజ్ దగ్గరికి పోయారు. డెరెక్ వాళ్లకు సలహాలివ్వడానికి వెళ్లాడు. గదిలో మేమిద్దరమే మిగిలాం. ఆరిన హీటరు తీగల్లో ఎరుపు ఇంకా కొంచెం ఉంది. అత్తగారు నా ముందుకు పీట లాక్కుని కూర్చుంది.

"మిగతావన్నీ నేను అన్నవే, ఒప్పుకుంటా" అంది, గొంతు తగ్గించి. "ఆ పేరు నీకు ఎక్కడిది?"

"మీరే చెప్పారు అత్తయ్యా. ప్రతి క్రిస్మస్‌కీ షెర్రీ తాగి కునుకు తీస్తారు కదా. ఆల్బీ ఇంకా రాలేదు, వాడి కంచం తియ్యకండి అంటారు. మధ్యాహ్నం కూడా అన్నారు. ఎవరో నాకు తెలీదు. పేరు బాగుందని పెట్టాను."

ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఆ పేరు నేను మీ మామగారికి కూడా చెప్పలేదు" అంది. "నా పెళ్లికి ముందు మాట, ఈ వీధివాడే. ఓడెక్కాడు. వస్తా, నా కంచం తియ్యొద్దన్నాడు. పోయాడనే అనుకున్నా. అనుకోవడమే సుఖమని అనుకున్నా."

లైట్లు వచ్చాయి. ఇద్దరం కళ్లు చిట్లించుకున్నాం. ఆవిడ గబుక్కున చెయ్యి వెనక్కి తీసుకుని ఏప్రన్ సర్దుకుంటుండగా వీధి తలుపు మళ్లీ తెరుచుకుంది. ఈసారి బాదలేదు. మిసెస్ గ్రిమ్‌షా చేతిలో టీ ట్రే లేదు, మొహంలో ఇందాకటి దెప్పు కూడా లేదు. ఈ వరసలో ఫోనున్నది వాళ్లింట్లోనే.

"వినీ, నీకు ఫోను. ఎవరో పెద్దాయన. ఆపరేటర్ని పట్టుకుని, హాలిన్ వీధిలో ఫోనున్న ఇల్లు ఏదైనా సరే కలపమన్నాడట. టీవీ చూశాడట." ఆవిడ ఒకసారి నా వైపు చూసి మళ్లీ అత్తగారి వైపు తిరిగింది. "వినీ ఆ కంచం ఇంకా పెడుతోందా అని అడగమన్నాడు. నేను పెట్టెయ్యలేదు, లైన్లోనే ఉన్నాడు."

అత్తగారు లేచింది. కిరీటం తీసి, మడత పెట్టి, జేబులో పెట్టుకుంది. ఈ ఇంటికి వచ్చిన ప్రతి మనిషికీ వాళ్ల కోటు తెచ్చి చేతిలో పెట్టిన ఆవిడ, గోడకు ఆనుకుని నిలబడి నా వైపు చెయ్యి చాపింది.

"నా కోటు తీసుకురా, బెరిల్."